ఇనుప లంకలో వేరు పొయ్యి

4012వ రోజు

వండింది: గోధుమ నూక, చేపల పులుసు. తిన్నవాళ్ళు: రెండు వందల పదమూడు మంది. తినని వాళ్ళు: ఒకరు. పేరు: సువర్చల. కారణం:

ఇక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగింది. నీళ్ళొచ్చి ఊళ్ళన్నీ మునిగిపోయి, మిగిలినవాళ్ళం సముద్రంలో ఉన్న ఈ పాత గ్యాసు రిగ్గు మీదకి ఎక్కిన రోజు నుంచి ఈ వంట పుస్తకం నేనే రాస్తున్నాను. మావాళ్ళు దీన్ని ఇనుప లంక అంటారు. లంకల్లో పుట్టినవాళ్ళం, ఇనుముదైనా సరే లంకే కావాలి మాకు. ఇక్కడ ఎవరైనా అన్నం ముట్టకపోతే కారణం రాసి తీరాలి. రోగాలు పాకకుండా మా పెద్ద, సరంగు త్రిమూర్తులు పెట్టిన నియమం అది. జ్వరం అని రాశాను, పంటిపోటు అని రాశాను, ఒకసారి బుల్లెమ్మ పేరు పక్కన పొగరు అని రాసి సరంగు చేత చీవాట్లు కూడా తిన్నాను. సొంత కోడలి పేరు పక్కన మాత్రం మూడేళ్ళుగా ఒకటే మాట రాస్తున్నాను. బెంగ.

బెంగే అనుకున్నాను. నా కొడుకు నూకరాజు రిగ్గు వంతెన బాగుచేస్తూ సముద్రంలో పడిపోయి మూడేళ్ళు. అప్పటి నుంచి ఈ పిల్లకి తిన్నది ఒంటబట్టడం లేదు. తినగానే కడుపుబ్బరం, విరేచనాలు, నోట్లో పుళ్ళు, దువ్వెన పెడితే జుట్టు ఊడి రావడం. కన్నదాన్ని నేను తిని తిరుగుతున్నాను కదా, ఈవిడకేంటి అంత బెంగ అని లోపల విసుక్కునేదాన్ని. కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుని తినిపించాను. బలం వస్తుందని పులుసులో ఇంకో గుప్పెడు పిండి కలిపాను.

తుఫానుల కాలానికి ముందు మెట్ల పరీక్ష ఉంది. ఇంకా నూట ముప్ఫై ఎనిమిది రోజులు. కింది అంతస్తు మీదకి అల వస్తే ఎవరూ ఎవర్నీ మోసుకెళ్ళలేరు, ఎవరి కాళ్ళ మీద వాళ్ళే అరవై రెండు మెట్ల నిచ్చెన ఎక్కాలి. ఎక్కలేనివాళ్ళని ఆ ఏటి ఆఖరి బార్జీలో ఒడ్డున ఉన్న గట్టు శిబిరానికి పంపేస్తారు. పోయినేడు పదకొండు మందిని పంపారు. అక్కడ ఉప్పు నీళ్ళు, చలిజ్వరం. ఒక్కరూ తిరిగి రాలేదు. నలుగురి దగ్గర నుంచి ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి.

నిన్న సువర్చల పంతొమ్మిదో మెట్టు దగ్గర కూర్చుండిపోయింది. కారణం: బెంగ.

4015వ రోజు

పొద్దున్నే బార్జీ వచ్చింది. గోధుమ పిండి, కాస్త కందిపప్పు, మందులు, ఒక కాగితం. ఆ కాగితం పట్టుకుని నర్సు రూతమ్మ నేరుగా వంటింట్లోకి వచ్చింది. సువర్చల రక్తం పరీక్షకని రూతమ్మే ఒడ్డుకి పంపిందట, నాకు చెప్పనేలేదు.

"మంగతాయారు గారూ, మీ కోడలిది బెంగ కాదండి. ఆవిడకి గోధుమ పడట్లేదు."

"పడకపోవడమేంటమ్మా? రెండొందల మందికి పడి, ఈవిడొక్కదానికే పడదా?"

"పడదండి. గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురుంటది. మీ చపాతీ సాగేది దానివల్లే. కొందరి ఒంటికి అది శత్రువు. లోపల పేగుకి తిండిని పీల్చే సన్నటి నూగుంటది, అదంతా రాలిపోద్ది. ఇంక ఎంత తిన్నా గోడకి సున్నం కొట్టినట్టే, ఒంట్లోకి ఇంకదు."

"అయితే మందియ్యి."

"మందు లేదండి. మానెయ్యడమే. ఒక్క పలుకు కూడా తగలకూడదు. అలా ఉంటే మూడు నాలుగు నెలల్లో లోపలంతా మళ్ళీ మొలుస్తది."

నేను నవ్వాను కూడా. ఈ లంక మీద పిండి తగలకుండా ఉండటమంటే ఉప్పుగాలి తగలకుండా ఉండటమే. రూతమ్మ నవ్వలేదు. "మరి ఇంతకుముందు ఈవిడకి బాగానే ఉండేది కదండి, అప్పుడేం తినేవారు?" అని అడిగి వెళ్ళిపోయింది.

అప్పుడు బియ్యం తినేవాళ్ళం. ఆఖరి బియ్యం బస్తా నూకరాజు పెద్దకర్మకి వండాను. ఆ మర్నాటి నుంచి గోధుమే. చావూ, బియ్యం అయిపోవడమూ ఒక్క నెలలోనే జరిగితే, నేను చావు సంగతే చూశాను, బియ్యం సంగతి చూడలేదు. వంటమనిషిని నేను. నాకు కాకపోతే ఎవరికి తట్టాలి ఆ ముక్క? మూడేళ్ళపాటు నా కోడలికి నా చేత్తో విషం పెట్టి, తినలేదని కసిరాను. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

4016వ రోజు

సరంగు దగ్గరికి వెళ్ళాను. కోడలికి వేరే వండాలి, ఒక చిన్న పొయ్యి ఇప్పించమన్నాను.

"వేరు పొయ్యా?" అన్నాడాయన. నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు.

ఆయన తప్పు కాదు. రెండో ఏట ఉత్తర లంకలో, అంటే మా అవతలి రిగ్గు మీద, ఒక కుటుంబం వాళ్ళు పిల్లకి పాలు కాచుకోవడానికని గదిలో చిన్న పొయ్యి పెట్టుకున్నారు. ఇనుము కింద నుంచి గ్యాసు కారుతూనే ఉంటుంది. అరవై మంది పోయారు. ఆ మంట మేమంతా ఇక్కడి నుంచి చూశాం. అప్పటి నుంచి ఒకటే పొయ్యి, ఒకటే వంట. ఇక్కడ ఎవరైనా ఎవరినైనా తిట్టాలంటే "వేరు పొయ్యి పెట్టుకునే రకం" అంటారు. ఆ తిట్టు అందరికంటే ఎక్కువ వాడింది నేనే.

"పొయ్యి ఒక్కటేనండి, మంగతాయారు గారూ," అన్నాడు త్రిమూర్తులు. "తెల్లారాక పిండి మూట విప్పేలోపు గంట టైముంటది. ఆ గంట మీది. మీ గిన్నెలు, మీ గరిటె. ఆపైన నన్నేం అడక్కండి."

పై అంతస్తులో పీపాల్లో కర్రపెండలం, కాస్త అరటి పెంచుతున్నాం, బార్జీ రాని రోజుల కోసం. అందులో నాలుగు పీపాలు కూడా రాయించుకుని వచ్చాను. నా నోరు అంత మంచిదని నాకే తెలియదు.

4019వ రోజు

పిండి ఎక్కడెక్కడ ఉందో ఈ మూడు రోజుల్లో తెలిసింది. చేపలు జారకుండా చేతికి రాసుకునేది పిండి. పులుసు చిక్కబడటానికి పిండి. ఉప్పు డబ్బాలో పిండి, ఎందుకంటే రొట్టెలు చేసే చేత్తోనే ఉప్పు తీస్తాను. నూనెలో పూరీల మడ్డి. గరిటె కాడ పగులులో పిండి. గోళ్ళలో పిండి. చివరికి సువర్చల చేసే పని కూడా అదే. ఖాళీ పిండి సంచులు దులిపి, మైదా జిగురుతో మాసికలు వేస్తుంది. రోజంతా ఆ పిల్ల పిండినే పీలుస్తోంది.

సంచుల పని మాన్పించి వలలు అల్లే దగ్గర కూర్చోబెట్టాను. కొత్త కుండ, కొత్త కళాయి, కొబ్బరి చిప్ప గరిటె. తెల్లారగానే తలంటు పోసుకున్నట్టు మోచేతుల దాకా కడుక్కుని, కర్రపెండలం ఉడికించి, పచ్చి అరటికాయ కూర, పిండి లేని పులుసు చేశాను.

సువర్చల కంచం వంక చూసి, "ఇదంతా నాకేనా అత్తయ్యా?" అంది.

"కాదు, సరంగు గారి పెళ్ళికి. తిను."

తింది. కడుపు పట్టుకుని పరిగెత్తలేదు. నేను పక్కకి వెళ్ళి ఏడ్చాను.

4031వ రోజు

గొడవ అయింది. బుల్లెమ్మ నా కింద రొట్టెలు ఒత్తుతుంది. ఈరోజు పాపం మంచికే, సువర్చల కంచం తీసి అందించబోయింది. ఆమె చేతులు మణికట్టు దాకా పిండి. నేను ఒక్క అరుపు అరిచి కంచం లాక్కున్నాను.

బుల్లెమ్మ మొహం నల్లబడిపోయింది.

"ముట్టుకోకూడదా అక్కా? మా అమ్మమ్మ చెప్పేది, వాళ్ళ కాలంలో అలాగే గిన్నెలు దూరం పెట్టేవోరంట. నీళ్ళలో అయ్యన్నీ కొట్టుకుపోయాయనుకున్నాం. నువ్వు మళ్ళీ మడి కట్టావన్నమాట."

"నువ్వు కాదే బుల్లెమ్మా, నీ చేతికున్న పిండి..."

"పిండి నీ చేతికీ ఉంటదక్కా. పొద్దున్న పూట కడుక్కుంటే పోద్ది. నాది మాత్రం కడిగినా పోదా?"

మధ్యాహ్నానికి లంకంతా పాకింది. కోడలికి మడి వంటట, నలుగురి కోసం దాచిన దుంపలు ఒక్కదానికేనట. వలల దగ్గర సువర్చల పక్కన ఎవరూ కూర్చోలేదు. వంటింట్లో అందరినీ ఒక్క కళాయి చుట్టూ కూర్చోబెట్టిన దాన్ని, పదకొండేళ్ళు. ఇప్పుడు నా వల్లే ఒక మనిషి విడిగా కూర్చుని తింటోంది.

సాయంత్రం చేతులు శుభ్రంగా కడుక్కుని బుల్లెమ్మ ఇంటికి వెళ్ళాను. రూతమ్మ చెప్పిందంతా చెప్పాను. వింది. క్షమించానని అనలేదు.

4058వ రోజు

సువర్చల నలభై నాలుగు మెట్లు ఎక్కింది! పైన నిలబడి చెయ్యి ఊపితే కింద నేను పిచ్చిదాన్లా చప్పట్లు కొట్టాను. నోట్లో పుళ్ళు మానాయి. నుదుటి మీద చిన్న చిన్న వెంట్రుకలు మొలుస్తున్నాయి.

అయితే తిండి తగ్గిస్తోంది. "చప్పగా ఉంటోంది అత్తయ్యా. రోజూ అదే దుంప. మింగుడుపడట్లేదు," అంది. ఆ మాటా నిజమే. కర్రపెండలానికి తనకంటూ ఒక రుచి ఏడిస్తే కదా.

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నీళ్ళొచ్చిన రోజు నేను నడుముకి కట్టుకుని తెచ్చుకున్నవి రెండు. ఒకటి మా ఆయన ఫోటో, అది తడిసి పోయింది. రెండోది ఇంగువ డబ్బా. దాని మీద కాగితం కూడా ఊడిపోయి ఒట్టి రేకు మిగిలింది గాని, లోపల సరుకు బంగారం. మూత తీస్తే ఇప్పటికీ కళ్ళు మూతలు పడతాయి. పుట్టింటి చారు, అత్తింటి పులిహోర, నూకరాజు వేలు నాక్కుంటూ తిన్న పప్పుచారు, అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. బయటపెడితే అందరూ చిటికెడు అడుగుతారు, అడిగితే ఇవ్వాలి, ఇస్తే వారంలో అయిపోతుంది. అందుకని దాచాను. ఒకటే పొయ్యి, ఒకటే వంట అని అందరికీ చెప్పే మంగతాయారు కూడా ఒకటి దాచుకుంది.

ఈరోజు తెల్లారగట్ల పప్పుచారులో రెండు చిటికెలు వేశాను. సువర్చల ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఆయనకి ఇష్టం కదా ఇది," అంది.

రెండుసార్లు అడిగి వేయించుకుంది. ఇంక రోజూ వేస్తాను. ఈ పిల్ల కంటే ఎక్కువా నాకు ఆ డబ్బా?

4074వ రోజు

తిన్నవాళ్ళు: రెండు వందల పద్నాలుగు. అందరూ తిన్నారు. మెట్లు: యాభై ఒకటి.

పొద్దున బుల్లెమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏదో పాతకాలం వాసనొత్తంది, ఏంటక్కా?" అని అడిగింది. మాట్లాడటం మానేశాక ఇదే మొదటిసారి నోరు విప్పడం. "నీ ముక్కుకి భ్రమ," అన్నాను.

4097వ రోజు

మెట్లు నలభై ఆరు. ముసురు పట్టింది, నిచ్చెన జారుతోంది, అందుకేనేమో.

4109వ రోజు

నలభై నాలుగు. మళ్ళీ కడుపుబ్బరం. నోట్లో ఒక పుండు.

గిన్నెలన్నీ ఇసుకతో తోమాను. కుండ మార్చాను. పిండి గోదాము చూసుకునే కామేశాన్ని, మూటలు వంటింటికి తెచ్చేముందు బయట దులుపుకుని రమ్మన్నాను. పాపం అలాగే చేస్తున్నాడు. దుంపలు తొక్క తీశాక మూడు నీళ్ళు కడుగుతున్నాను. చారులో ఇంగువ మూడు చిటికెలు చేశాను, అదైనా ఇష్టంగా తాగుతుందని.

4126వ రోజు

ఈరోజు చేసిన పని రాస్తే గాని నిద్ర పట్టదు.

నలభై రెండు మెట్లు ఎక్కి దిగి, కింద వాంతి చేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్న లంకలో అందరికీ పూరీలు చేశాను, పండగ కదా. ఎవరూ చూడకుండా తిని ఉంటుందనుకున్నాను.

"నిజం చెప్పు. తిన్నావా?"

"లేదత్తయ్యా."

"మూడు నెలలుగా నీకోసం నేను అందరితోనూ మాటలు పడుతున్నాను. ఒక్క పూరీకి నోరు కట్టుకోలేకపోయావా?"

"ఆయన మీదొట్టు, తినలేదత్తయ్యా."

"వాడి పేరెత్తకు!"

అరిచాను. అందరూ విన్నారు. బుల్లెమ్మ వచ్చి సువర్చల మొహం కడిగింది. తన చేతులు ముందుగా కడుక్కుని మరీ కడిగింది. ఆ సంగతి నేను గమనించాను.

సువర్చల మాత్రం ఏడవలేదు. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "రేపట్నుంచి నా కంచం మీ ఎదురుగానే పెట్టండి. రోజంతా మీ కళ్ళముందే కూర్చుంటాను," అంది.

కూర్చుంది. ఏమీ తినలేదు, నేను పెట్టింది తప్ప.

4150వ రోజు

మెట్ల పరీక్ష. అరవై లోపు వాళ్ళందరికీ ఈరోజు. మా బోటి ముసలివాళ్ళకి రేపు.

సువర్చల చీర కుచ్చిళ్ళు బిగించి కట్టుకుంది. కింద నేను లెక్కపెడుతున్నాను. ఇరవై దాకా బాగానే ఎక్కింది. ముప్ఫై దగ్గర ఒకసారి ఆగింది. నలభై దగ్గర కాళ్ళు వణకడం కింది నుంచి కనబడింది. నలభై ఒకటి. ఆ మెట్టుని రెండు చేతులతో కావలించుకుని ఉండిపోయింది. పై నుంచి త్రిమూర్తులు "ఎక్కమ్మా, ఎక్కు, ఇంకెంత," అని బతిమాలుతున్నట్టే అరిచాడు. చివరికి ఇద్దరు మనుషులు నడుముకి తాడు కట్టి దింపారు.

ఆఖరి బార్జీ తొమ్మిది రోజుల్లో వస్తుంది. పేరు రాసేశారు.

"ఒక్కదాన్ని వెళ్ళడానికి భయంగా ఉందత్తయ్యా," అంది. అంతకుముందెప్పుడూ భయం అన్న మాట ఆ పిల్ల నోట వినలేదు, మొగుడు పోయిన రోజున కూడా.

4151వ రోజు

ఈ పుస్తకంలో ఇంతకంటే బాధగా ఏ రోజూ రాయలేదు.

తెల్లారగట్ల సువర్చలకి చారు కాస్తున్నాను. ఇంక దాచి ఏం చేసుకుంటానని ఇంగువ డబ్బా పొయ్యి గట్టు మీదే ఉంచాను. కామేశం పిండి మూట బయట దులిపి లోపలికి వస్తూనే నిలబడిపోయాడు.

"ఇంగువండి! ఎక్కడిదండీ బాబూ?"

డబ్బా చేతికిచ్చాను. మూత తీసి వాసన చూశాడు, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. మొహం వెలిగిపోయింది. నీళ్ళు రాకముందు ఆయనకి ఇంగువ కొట్టు ఉండేదట. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి, ఆ సంగతి నాకు తెలియదు.

"ఇలాంటి సరుకే నేనూ కలిపేవోణ్ణండి. మంచి కలుపు ఇది."

"కలపడమేంటండి?"

"అసలు ఇంగువ ముద్ద ఎవరు భరిత్తారండి? ఒక్క పలుకేస్తే ఇల్లు వదిలి పారిపోవాలి. ఒక పాలు ఇంగువ, ఒక పాలు బంక, మూడు పాలు మైదా. అలా కలిపితేనే ఇలా చిటికెల్లో వేసుకోడానికి వీలవుద్ది."

"మైదా అంటే?" అని అడిగాను. తెలిసే అడిగాను. వేరే జవాబు వస్తుందేమోనని అడిగాను.

"గోధుమదేనండి. ఇంక దేంది?"

తర్వాత ఆయన ఏం మాట్లాడాడో వినలేదు. చారు కాగుతూనే ఉంది. గిన్నెలు ఇసుకతో తోమాను, గోళ్ళు నెత్తురొచ్చేదాకా కత్తిరించుకున్నాను, బుల్లెమ్మని అంత మాట పడేలా చేశాను, ఆ పిల్లని దొంగ అన్నాను. ఇన్ని చేసి, రోజూ పొద్దున్నే ప్రేమగా మూడు చిటికెల గోధుమ పిండి నా చేత్తోనే వేశాను. డబ్బా ఒక్కరోజు బయటపెట్టి ఉంటే కామేశం ఆ రోజే చెప్పేవాడు. చిటికెడు ఇవ్వాల్సొస్తుందని దాచాను.

చారు సముద్రంలో పోసి సువర్చల దగ్గరికి వెళ్ళాను. నిలబడే చెప్పాను, కూర్చునే మొహం లేక. అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

చెప్పినంతసేపూ నా చేతుల వంకే చూసింది. తర్వాత, "అంటే నేను తినలేదని మీకిప్పుడు నమ్మకం కుదిరిందా?" అంది.

"కుదిరిందమ్మా."

"అది చాలు," అని మొహం అటు తిప్పుకుంది. చాలదని ఇద్దరికీ తెలుసు. అటే చూస్తూ, "ఆ డబ్బా ఒక్కసారి ఇవ్వండి. తినను. వాసన చూస్తాను," అంది.

మూత తీయకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తిరిగి నా చేతిలో పెట్టింది.

సరంగు దగ్గరికి పరిగెత్తాను. కారణం తెలిసింది, నాలుగు నెలలు ఆగండి, ఇంగువ లేకుండా చూపిస్తాను, అరవై రెండు ఎక్కుతుంది అన్నాను.

"నేను ఆగుతానండి. తుఫాను ఆగుద్దా?" అన్నాడు త్రిమూర్తులు. "ఒక్కరికి వదిలేస్తే రేపు అందరికీ వదలాలి. నిచ్చెన దగ్గర ఒక మనిషి ఆగిపోతే, వెనకాల నూరు మంది ఆగిపోతారు."

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. శిబిరంలో వంట ఎలా చేస్తారని అడిగాను. వంటశాలేమీ లేదట. గట్టు మీద ఎవరికి వాళ్ళు మూడిటికల పొయ్యి పెట్టుకుని వండుకుంటారట. ఒంట్లో ఓపిక లేనివాళ్ళకి శిబిరం వాళ్ళు గోధుమ జావ పోస్తారట.

గోధుమ జావ. ఓపిక లేని పిల్లకి.

మధ్యాహ్నం ముసలివాళ్ళ పరీక్ష. ప్రతి ఏడూ నేనే మొదట ఎక్కుతాను, ఆగకుండా, పై నుంచి కుర్రకారుని నాలుగు మాటలు అని మరీ దిగుతాను. అరవై ఒకటి నాకు. ఈరోజు కూడా నేనే మొదట వెళ్ళాను. లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. నలభై ఒకటో మెట్టు మీద ఆగాను. ఆ పిల్ల రెండు చేతులూ వేసి పట్టుకున్నది ఇక్కడే. పైన ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి, ఊపిరి కూడా ఆడుతూనే ఉంది. కిందికి దిగడం మొదలుపెట్టాను.

"మంగతాయారు గారూ! ఏమైందండి?" పై నుంచి త్రిమూర్తులు కేక.

"మోకాళ్ళు!"

కిందికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నా మోకాళ్ళ వంక చూడలేదు, మొహం వంకే చూశాడు.

"మోకాళ్ళేనా అండి?"

"మోకాళ్ళే."

పేరు రాశాడు. కలం నొక్కి రాశాడు, కాగితం చిరిగింది.

4159వ రోజు

బార్జీ వచ్చింది. మూట కట్టాను. కొత్త కుండ, కళాయి, కొబ్బరి చిప్ప గరిటె, తడిగుడ్డలో చుట్టిన కర్రపెండలం కొమ్మలు ఇరవై. గట్టు మట్టిలో ఉప్పెక్కువట, బతుకుతాయో లేదో తెలియదు. అవి దుంప ఊరేలోపు తినడానికి నాలుగు పీపాల దుంపలూ తవ్వి సంచిలో వేయించాడు త్రిమూర్తులు. మళ్ళీ నా ముందుకి రాలేదు.

వంటిల్లు బుల్లెమ్మకి అప్పగించాను. ఈ పుస్తకం కూడా. రాయడం నేర్చుకుంది, అక్షరాలు కాస్త పెద్దవిగా వస్తాయి గాని ఫర్వాలేదు. బుల్లెమ్మా, ఇది నీకే రాస్తున్నాను. తినని వాళ్ళ పేరు పక్కన నీకు తోచిన మాట రాసెయ్యకు. వాళ్ళని అడుగు. మళ్ళీ అడుగు. నేను బెంగ అని వెయ్యిసార్లు రాశాను, ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంగువ డబ్బా ఉప్పు పక్కన పెట్టాను. అందరి చారులోనూ వెయ్యి. నాలుగైదు రోజులు వస్తుంది. కామేశాన్ని పిలిచి మొదటి గరిటె ఆయనకి వడ్డించు. రూతమ్మ ఇంకెవరికైనా ఆ కాగితం తెప్పిస్తే మాత్రం ఆ డబ్బాని వాళ్ళ ఛాయలకి రానివ్వకు.

బుల్లెమ్మ ఇందాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, నాకు చూపించి, అప్పుడు సువర్చల మూట ఎత్తి బార్జీలో పెట్టింది. సువర్చల అప్పటికే ఎక్కి కూర్చుంది. నేను ఎందుకు వస్తున్నానో నేను చెప్పలేదు, తను అడగలేదు. పక్కన చోటు మాత్రం ఉంచింది.

పిలుస్తున్నారు. ఇది రాసి వెళ్తాను.

వండింది: గోధుమ నూక, ఇంగువ చారు. తిన్నవాళ్ళు: రెండు వందల పన్నెండు మంది. తినని వాళ్ళు: ఇద్దరు. పేర్లు: సువర్చల, మంగతాయారు. కారణం: వేరు పొయ్యి పెట్టుకున్నాం.